మారిషస్ విద్యావ్యవస్థ: నిర్మాణం, సంస్కరణ

1. పరిచయం

పదకొండేళ్ల వయసులో రాసే ఒక్క పరీక్ష మీ పిల్లల భవిష్యత్తును నిర్ణయిస్తుందనుకోండి. అప్పుడు మీరేం చేస్తారు? మారిషస్‌లో తల్లిదండ్రులు దశాబ్దాల పాటు ఈ పరిస్థితిని ఎదుర్కొన్నారు. హిందూ మహాసముద్రంలోని ఈ ద్వీపదేశ జనాభా 12 లక్షలకు కొంచెం ఎక్కువ. 19వ శతాబ్దంలో ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉంది. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగును ఐచ్ఛిక భాషగా చదువుకోవచ్చు. ఈ భాగంలో ఆ దేశ విద్యావ్యవస్థ నిర్మాణాన్ని, 2017 నాటి సంస్కరణను తెలుసుకుందాం.

2. నిర్మాణం

మారిషస్ 1968లో స్వాతంత్ర్యం పొందింది. 1977 నుంచి మాధ్యమిక విద్య ఉచితమైంది. 2005లో 16 ఏళ్ల వరకు చదువు నిర్బంధమైంది. ప్రాథమిక దశ ఆరేళ్లు, మాధ్యమిక దశ ఏడేళ్లు. 11వ తరగతి చివర స్కూల్ సర్టిఫికెట్, 13వ తరగతి చివర హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ పరీక్షలు ఉంటాయి. ఈ రెండూ బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి సంస్థతో కలిసి నిర్వహించే పరీక్షలు.

భాష విషయాన్ని ప్రత్యేకంగా గమనించండి. బోధనా మాధ్యమం ఇంగ్లీషు. కానీ ఎక్కువమంది పిల్లలు ఇంట్లో మాట్లాడేది క్రియోల్. దానిని ఐచ్ఛిక పాఠ్యాంశంగా ప్రవేశపెట్టింది 2012లో మాత్రమే.

3. సమస్య

పూర్వం 6వ తరగతి చివర సి.పి.ఇ. అనే పరీక్ష ఉండేది. పేరున్న ఉన్నత పాఠశాలల్లో సీట్లు తక్కువ కాబట్టి పోటీ తీవ్రంగా ఉండేది. ఇందువల్ల ప్రాథమిక దశలోనే ప్రైవేటు ట్యూషన్లు పెరిగాయి. పరీక్షలో తప్పిన పిల్లలు వృత్తివిద్యకు ముందస్తు దశ అనే వేరే ధారలోకి వెళ్లేవారు. అక్కడి నుంచి సాధారణ చదువులోకి తిరిగి రావడం కష్టం.

4. 2017 సంస్కరణ

ఈ సంస్కరణను తొమ్మిదేళ్ల నిరంతర ప్రాథమిక విద్య అంటారు. దీని ముఖ్యాంశాలు:

(అ) సి.పి.ఇ. స్థానంలో పి.ఎస్.ఎ.సి. అనే మూల్యాంకనం వచ్చింది. దాని తర్వాత పిల్లలు తమ ప్రాంతంలోని పాఠశాలల్లో 7వ తరగతిలో చేరతారు.

(ఆ) పి.ఎస్.ఎ.సి.లో తప్పినవారిని వేరే ధారకు పంపకుండా, అదే ఉన్నత పాఠశాలల్లో మూడేళ్లకు బదులు నాలుగేళ్ల కార్యక్రమంలో చేర్చారు.

(ఇ) 9వ తరగతి చివర జాతీయ విద్యా ధ్రువపత్రం పరీక్ష ఏర్పడింది. దానిలోని ప్రతిభ ఆధారంగా అకాడమీలు అనే 12 ప్రభుత్వ విద్యాలయాల్లో 10వ తరగతి ప్రవేశం కల్పించారు.

5. పరిశీలన

ఈ సంస్కరణ వల్ల పిల్లలపై తొలి వడపోత మూడేళ్లు వెనక్కి జరిగింది. ఇది చిన్న మేలు కాదు. అయితే అకాడమీల సీట్లు పరిమితం కాబట్టి పోటీ 9వ తరగతికి మారింది. నాలుగేళ్ల కార్యక్రమంలో చేరినవారిలో ఆ పరీక్ష గట్టెక్కినవారు చాలా తక్కువ. ప్రాథమిక దశలో చదవడం, రాయడం సరిగా రాని విద్యార్థికి అదనంగా ఒక సంవత్సరం ఇచ్చినంత మాత్రాన ఆ లోటు పూడదు. కాబట్టి పరీక్షను మార్చడం, బోధనను మార్చడం ఒకటి కావని గుర్తుంచుకోండి. ఏ దేశపు సంస్కరణను చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: వడపోత ఎక్కడికి మారింది? వెనుకబడిన పిల్లలకు ఏం అందింది? వారు ఏ భాషలో నేర్చుకుంటున్నారు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సి.పి.ఇ., పి.ఎస్.ఎ.సి. విధానాల మధ్య భేదాలేమిటి?
2. 2017 సంస్కరణ పోటీని తొలగించిందా, వాయిదా వేసిందా? కారణాలు రాయండి.