చేతిసంచిలో వెండి నాణేలు

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి శ్రమించి సెలవుపై ఇంటికి వచ్చే మన బిడ్డలు బంగారం ధరకు జంకి, దానికి బదులు వెండి నాణేలు కొనితెస్తున్నారు. చెల్లెలి పెళ్లికని కొందరు, పొదుపుగా మరికొందరు. ‘నాణెమే కదా, డబ్బు కిందే లెక్క’ అన్న భరోసాతో శంషాబాద్‌లో గ్రీన్ చానల్ వైపు నడిచేవారిని తలచుకుంటే మాకు భయమేస్తుంది.

అమెరికా ఈగిల్ నాణెంపై 1 డాలరు అని, కెనడా మేపుల్ లీఫ్‌పై 5 డాలర్లు అని ముద్రించి ఉంటుంది. ఒక్కొక్కదానిలో ఉన్నది మాత్రం ఒక ట్రాయ్ ఔన్సు, అనగా సుమారు 31.1 గ్రాముల వెండి. కస్టమ్స్ వారు ముద్రను చూడరు, లోహాన్ని తూస్తారు. వెండికి కిలో చొప్పున ప్రభుత్వం ఎప్పటికప్పుడు ప్రకటించే విలువపై సుంకం లెక్కిస్తారు. 20 ఈగిల్ నాణేలకు 20 డాలర్లని రాసి సంతకం చేయడం అసత్య ప్రకటనే.

ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవారికి సుంకం లేకుండా అనుమతించే 20 గ్రాములు, స్త్రీలకైతే 40 గ్రాములు, ఆభరణాలకే పరిమితం. ప్రయాణికుల సాధారణ మినహాయింపులోనూ నగ కాని వెండికి చోటు లేదు. ఒక్క నాణెమున్నా రెడ్ చానల్‌కే వెళ్లాలి. కనీసం 6 నెలలు విదేశంలో ఉండి వచ్చిన భారతీయుడు 10 కిలోల వరకు వెండిని తగ్గింపు సుంకంతో తెచ్చుకోవచ్చు. మధ్యలో ఇంటికి వచ్చిపోయిన రోజులు మొత్తం 30కి మించరాదు. 2024 జులై బడ్జెట్ ఈ సుంకాన్ని 15 నుండి 6 శాతానికి తగ్గించింది. రేట్లు మారుతుంటాయి గనుక టికెట్టు కొనేనాడే విచారించుకోవాలి. అర్హత లేనివారిపై భారం చాలా ఎక్కువ. సుంకాన్ని మార్పిడికి వీలున్న విదేశీ కరెన్సీలోనే చెల్లించాలి. జేబులో రూపాయలు మాత్రమే ఉంటే కౌంటరు వద్ద చిక్కే.

బయలుదేరే దేశపు నిబంధన కూడా మరువరాదు. నగదు, విలువైన లోహాలు కలిపి ఎమిరేట్స్‌లో 60,000 దిర్హములు, సౌదీలో 60,000 రియాళ్లు దాటితే అక్కడే ప్రకటించాలి.

సుంకం కట్టే స్థోమత లేదనుకుందాం. నిజం చెప్పి ప్రకటించినవారు 1962 కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ కింద వెండిని అక్కడే భద్రపరచి, తిరిగి వెళ్లేటప్పుడు ఇవ్వమని కోరవచ్చు. దాచి పట్టుబడితే జప్తు, జరిమానా.

‘మా ఇంట్లో ఇచ్చేయండి భాయ్’ అంటూ గదిలోని మిత్రుడు అప్పగించే పొట్లం విషయం వేరు. అమానతును కాదనడం మనకు కష్టమే. కాని దాని కింద సంతకం మోసినవాడిది. అందులో ఏముందో విప్పి చూడక, బిల్లు అడగక తీసుకోవద్దని మా మనవి.

ఆ బిల్లునూ, సుంకం రసీదునూ ఇంట్లో దాచుకోవాలి. రేపు నాణేలు అమ్మితే లాభంపై ఆదాయపు పన్ను ఉంది. 24 నెలలు దాటాక అది 12.5 శాతం. జకాత్‌కు వెండి నిసాబ్ సుమారు 612 గ్రాములు. ఔన్సు నాణేలు 20 చేరితే 622. విమానాశ్రయంలో కట్టిన సుంకం జకాత్ లెక్కలోకి రాదు.