పిల్లికి పెరటి వైద్యం – మేలెంత? ముప్పెంత?

కుప్పింటాకు మొక్కను వేరుతో సహా పెకలించి పెరటిలో వేసి చూడండి. ఇంట్లో తిరిగే పిల్లి కాసేపటికి అక్కడికి చేరుతుంది. వేరును వాసన చూస్తుంది, నాకుతుంది, చెక్కిళ్ళు రుద్దుకొని దాని మీదనే పొర్లాడుతుంది. సంస్కృతంలో హరితమంజరి అనే పేరు గల ఈ మొక్క మా గుడిబండ ప్రాంతంలో వానలు పడగానే గట్ల మీద, దొడ్డి గోడల వెంట మొలుస్తుంది. కర్ణాటక సరిహద్దు కావడం వల్ల ఇక్కడ కొందరు దీనినే కుప్పిగిడ అంటారు. దీని ఆకు పసరును గజ్జి, తామరలకు పూయడం మన గృహవైద్యంలో ఉన్నదే. పిల్లి మాత్రం ఆకును వదలి వేరునే కోరుతుంది.

ఆ వేరులో పిల్లిని ఆకర్షించే ద్రవ్యాలేవో 2016లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గుర్తించారు. పాశ్చాత్యులు పిల్లులకు వినోదంగా ఇచ్చే క్యాట్‌నిప్ అనే మొక్కలోని ద్రవ్యాలకు ఇవి దగ్గరివి. ఈ జాతి ద్రవ్యాలు గల మరొక మొక్క ఆకును ఒంటికి రుద్దుకొన్న పిల్లులపై దోమలు తక్కువగా వాలుతాయని 2021లో జపాను పరిశోధకులు తెలిపారు.

ఇది విన్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “తనకు కావలసిన మూలికను పిల్లే వెదుక్కొంటుంది కదా! మన వంటింటి మందులు దానికి ఇస్తే తప్పేమిటి?”

గురుకులంలో మాకు మందులకంటె ముందు రోగి పరీక్ష నేర్పారు. ద్రవ్యం ఒక్కటే అయినా, దేహాన్ని బట్టి అమృతమూ కావచ్చు, విషమూ కావచ్చు. అందుకే మన పూర్వులు ఏనుగులకు పాలకాప్యుని పేర, గుర్రాలకు శాలిహోత్రుని పేర వేరువేరు శాస్త్రాలు ఏర్పరచారు. మనుష్యుల మందునే మోతాదు తగ్గించి పిల్లికి పోయడం శాస్త్రసమ్మతం కాదు. పిల్లి చిన్న ఆకారంలో ఉన్న మనిషి కాదు.

కాలేయంలో ఉన్న భేదం

మన కాలేయం అనేక ఘాటు ద్రవ్యాలను మార్చి, మూత్రం ద్వారా బయటకు పంపగలదు. కేవల మాంసాహారి అయిన పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. కనుక మనకు ఉపశమనమిచ్చే లవంగ తైలం, నీలగిరి తైలం, వాము పువ్వు, కర్పూరం దానికి విషతుల్యాలు. ఒంటికి పూసినా ప్రమాదమే, ఎందుకంటే పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకొంటుంది. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను చిదిపి పాండురోగం తెస్తాయి. ఇక జ్వరం తగిలిందని పారాసిటమాల్ ఇవ్వడం ఘోరం. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.

లంఘనం పనికిరాదు

మనకు లంఘనం పరమౌషధం. పిల్లికి అదే ప్రాణాంతకం కావచ్చు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, ఒంటిలోని కొవ్వు కాలేయంలో చేరి కామెర్లు వస్తాయి. ఒక రోజంతా ఆహారం ముట్టకపోతే పశువైద్యునికి చూపించాలి.

శాకాహార కుటుంబాలకు మరొక మాట. పెరుగన్నం మీదనే పిల్లిని పెంచకూడదు. టారిన్ అనే పోషకాన్ని అది తగినంతగా తయారుచేసుకోలేదు, మాంసం, చేపల నుండే పొందాలి. ఆ లోపం వల్ల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికా పరిశోధకులు నిరూపించారు. చూపు కూడా దెబ్బతింటుంది. పెద్ద పిల్లులలో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి, తాగడానికి మంచినీరే శ్రేష్ఠం.

మూత్రబంధం

అన్నిటికంటె ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇది. కొన్నేళ్ళ క్రితం ఒక కుటుంబం వారు మగపిల్లిని బుట్టలో నా వద్దకు తెచ్చారు. అది మాటిమాటికీ కూర్చొని ముక్కుతున్నదట. మలబద్ధమనుకొని ఒకరోజు ఆముదం పట్టారు. తరువాత మూత్రం చుక్క చుక్కగా వస్తున్నదని కొండపిండి కషాయం రెండు రోజులు పోశారు. పొట్ట తాకితే మూత్రాశయం రాయిలా గట్టిగా ఉన్నది. మందేమీ ఇవ్వక వెంటనే పశువైద్యశాలకు పంపాను. దారిలోనే అది ప్రాణం విడిచింది.

కొండపిండి, పల్లేరు మనుష్యుల మూత్రకృచ్ఛ్రానికి వాడదగినవే. కాని మగపిల్లి మూత్రనాళం మిక్కిలి సన్నం. అది పూర్తిగా మూసుకొంటే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోతుంది. అప్పుడు మూత్రం జారీ చేసే మందు పోయడం, మూసిన కాలువకు ఇంకా నీరు వదలడం వంటిది. గొట్టం వేసి అడ్డు తొలగించడమే చికిత్స. మగపిల్లి ముక్కుతూ మూత్రం పోయకపోతే ఒక్క పూట కూడా ఆగవద్దు.

ఇంట్లో చేయదగినవి

* వెంట్రుకల ఉండలు కక్కే పిల్లిని రోజూ దువ్వండి. పురుగుమందు తగలని గరికను కుండీలో పెంచి ఉంచండి. గడ్డి కొరకడం దానికి సహజమే.
* కొద్దిపాటి మలబద్ధానికి ఉప్పు, కారం లేకుండా ఉడికించిన గుమ్మడి గుజ్జు ఒక చెంచా ఆహారంలో కలపండి. ఆముదం వద్దు.
* చిన్న గీతలను కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అనగా సుమారు ఒకటిన్నర టీచెంచా, కలిపి కడగండి. చీము పట్టినా, వాచినా వైద్యునికి చూపండి.
* గోమార్లకు సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, వాటిని సబ్బునీటిలో ముంచండి. పిల్లి పడుకొనే గుడ్డను వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయండి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందులు పిల్లికి తగలనీయకండి.
* కుప్పింటాకు వేరును కడిగి ఆటవస్తువుగా అప్పుడప్పుడు ఇవ్వవచ్చు. అది వినోదమే కాని ఔషధం కాదు. ఆకు రసం మాత్రం తాగించకండి.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఏ పసరూ కాపాడలేదు. ముందుగానే పిల్లికి టీకా వేయించడం ఇంటిల్లిపాదికీ రక్ష.

పిల్లి తన బాధను దాచుకొనే జీవి. తిన్నదా, నీరు తాగిందా, మూత్రం పోసిందా అని రోజూ కనిపెట్టి చూసే ఇల్లాలి కన్నే దానికి మొదటి వైద్యం.