కాలేయము మారినను మందు మానరాదు

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తితీతలు, మిరపకోతలు సాగు దినములలో ఇంటిల్లిపాదియు చేలలోనే ఉందురు. ఆ సందడిలో మందు మరచుట తేలిక. హెపటైటిస్-బి వలన కాలేయము చెడి, మార్పిడి చేయించుకొన్నవారికి మాత్రము ఆ మరపు ప్రాణాంతకము కావచ్చును. వారినిగూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

చెడిన కాలేయముతోనే రోగమును పోయినదని పలువురు తలంతురు. అది నిజము కాదు. వైరసు రక్తమునందును, ఇతర కణములయందును మిగిలియుండి క్రొత్త కాలేయమును పట్టుకొనును. నివారణ లేని దినములలో అత్యధికులకు రోగము తిరుగబెట్టెడిది. ఇట్టివారికి మార్పిడి తగదని వాదించిన వైద్యులును గలరు.

1993లో ఐరోపా వైద్యులు ప్రకటించిన పరిశోధన ఈ స్థితిని మార్చినది. శస్త్రచికిత్సలో పాత కాలేయమును తీసిన వేళ మొదలిడి హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబ్యులిన్ సూదిమందును దీర్ఘకాలమిచ్చినచో రోగము మరలుట చాల తగ్గునని తేలినది. ఇది టీకా కాదు. టీకా మన శరీరముచేతనే రక్షకద్రవ్యములను చేయించును. ఇది దాతల రక్తమునుండి తీసిన సిద్ధద్రవ్యము. కనుకనే వెల మిక్కిలి హెచ్చు. తరువాత లామివుడిన్ మాత్ర వచ్చినదిగాని, కాలక్రమమున వైరసు దానికి లొంగదయ్యెను. ఇప్పటి ఎంటెకవిర్, టెనోఫోవిర్ మాత్రలకు లొంగకపోవుట అరుదు. వీని బలముననే కొందరికి సూదిమందును త్వరలో ఆపగలుగుచున్నారు. ఎవరికి ఆపవచ్చునో వైద్యుడే నిర్ణయింపవలెను.

మాత్ర మాత్రము జీవితాంతము నిత్యము వేసికొనవలసినదే. ఒంటిలో హాయిగా నున్నదని మానినచో, పైకి ఏ సూచనయు లేకయే వైరసు పెరుగును. ఎంటెకవిర్ పరగడుపున పనిచేయును: భోజనమైన రెండు గంటలకు వేసికొని, మరి రెండు గంటలు ఏమియు తినరాదు. వేకువనే చేనికి పోవువారికి రాత్రి పరుండబోవు వేళయే అనుకూలమని మా అభిప్రాయము. కోతలకు పొరుగూరు పోవువారు మాత్రలు చాలినన్ని మూట కట్టుకొనవలెను. టెనోఫోవిర్ వాడువారు మూత్రపిండముల పరీక్షలు తప్పింపరాదు. కామెర్లకు పసరు పోయువారి జోలికి పోవుట ఇట్టి రోగులకు మరింత ముప్పు. ఈ మాట కొందరికి కష్టము కలిగించినను చెప్పక తప్పదు.

ఇంటివారందరును రక్తపరీక్ష చేయించుకొనవలెను. రోగము గాని, రక్షణ గాని లేనివారికి టీకా గలదు. పొరుగు నెల్లూరు జిల్లావారైన వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లో స్వదేశీ టీకాను విడుదల చేసిన పిదప దాని వెల సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. పెద్దలకు సాధారణముగా మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది.