నీటిలో నిలిచిన అడవి

అడవి అనగానే గట్టి నేల, దానిపై నిలిచిన మహావృక్షాలు మన కన్నుల ముందు మెదులుతాయి. భూమధ్యరేఖా ప్రాంతంలో ఇందుకు భిన్నమైన అడవులు కొన్ని ఉన్నాయి. అక్కడ ఏడాదిలో చాలా నెలలు చెట్ల మొదళ్లు నీటిలోనే ఉంటాయి. అడుగు వేస్తే నేల మెత్తగా కుంగుతుంది. నీరు చిక్కని తేనీటి రంగులో కనిపిస్తుంది. వీటినే పీట్ చిత్తడి అడవులు అంటారు. బోర్నియో ద్వీపంలో ఇండోనేషియాకు చెందిన మధ్య కాలిమంతాన్ రాష్ట్రంలోని సబాంగౌ అడవి ఇటువంటిదే.

నీట మునిగిన నేలలో ప్రాణవాయువు చాలదు. ఆ నీటికి ఆమ్లగుణం కూడా అధికం. అందువల్ల రాలిన ఆకులు, కొమ్మలు, వేళ్లు పూర్తిగా కుళ్లిపోవు. అవి పొర మీద పొరగా పేరుకొని, వేల సంవత్సరాలకు మెత్తని ముదురు రంగు పదార్థంగా మారతాయి. అదే పీట్. కొన్ని చోట్ల దీని లోతు పది మీటర్లను మించుతుంది. భూతలంలో పీట్ నేలలు 3 శాతం మాత్రమే. అయినా ప్రపంచంలోని అడవుల వృక్షసంపద అంతటిలో ఉన్న కర్బనం కంటే ఎక్కువ కర్బనం వీటిలో నిక్షిప్తమై ఉంది.

ఈ అడవిని ఆశ్రయించి వేల సంఖ్యలో ఒరాంగుటాన్లు జీవిస్తున్నాయి. మలయ్ భాషలో ‘ఒరాంగ్’ అంటే మనిషి, ‘హుతాన్’ అంటే అడవి. బోర్నియోలోని మెట్ట అడవులలో కొన్నేళ్లకు ఒకసారి పండ్లు విరగకాస్తాయి. మిగిలిన కాలంలో కొరత ఏర్పడుతుంది. చిత్తడి అడవిలో పండ్లు అంత సమృద్ధిగా కాయకపోయినా, ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టుకు దొరుకుతూనే ఉంటాయి. అందుకే ఈ నిస్సారమైన నేల ఆ జాతికి ఆశ్రయమైంది. పండ్లు తిన్న ఒరాంగుటాన్లు గింజలను దూరదూరాలకు చేరవేసి అడవి రుణం తీర్చుకుంటాయి.

చెట్ల కొమ్మలలో ఒంటరిగా తిరిగే ఈ జీవులను లెక్కించడం సులభం కాదు. ఒరాంగుటాన్ ప్రతి సాయంకాలం కొమ్మలు వంచి, ఆకులు పరచి, కొత్త గూడు కట్టుకొని నిద్రిస్తుంది. పరిశోధకులు అడవిలో తిన్నని దారులు ఏర్పరచుకొని, వాటి వెంట నడుస్తూ ఆ గూళ్లను లెక్కిస్తారు. ఒక గూడు శిథిలం కావడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలిస్తే, గూళ్ల సంఖ్య నుండి జంతువుల సంఖ్యను అంచనా వేయవచ్చు. గిబ్బన్ల విషయంలో చెవులే సాధనాలు. తెల్లవారుజామున అవి చేసే గానాన్ని వేర్వేరు చోట్ల నుండి ఒకేసారి విని, ధ్వని వచ్చిన దిశలను బట్టి వాటి ఉనికిని గుర్తిస్తారు.

ఇటువంటి అడవికి పెద్ద విపత్తు మానవ ప్రణాళిక రూపంలో వచ్చింది. 1995లో ఇండోనేషియా ప్రభుత్వం సబాంగౌకు తూర్పున సుమారు 10 లక్షల హెక్టార్ల చిత్తడి ప్రాంతాన్ని వరి పొలాలుగా మార్చ సంకల్పించింది. 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించింది. ఆమ్లగుణం గల నిస్సారమైన నేలలో వరి పండలేదు. 1999లో ఆ పథకం రద్దయింది. కానీ కాలువలు మిగిలాయి. నేలలోని నీరు వాటి గుండా జారిపోయింది. సబాంగౌలో సైతం దొంగచాటుగా కలప నరికినవారు, దుంగలను తేల్చి తీసుకుపోవడానికి చిన్న కాలువలు తవ్వారు.

సముద్రగర్భంలో బడబానలం ఉందని మన పురాణాలు చెబుతాయి. ఎండిన పీట్‌కు నిప్పు అంటుకున్నప్పుడు ఆ భావన నిజమనిపిస్తుంది. మంట నేల కింద రగులుతూ పాకుతుంది. పైన పోసిన నీటికి లొంగదు. వేళ్లు కాలి మహావృక్షాలు ఒరిగిపోతాయి. 1997లో తీవ్రమైన అనావృష్టి వేళ, మధ్య కాలిమంతాన్‌లో పరిశీలించిన ప్రాంతంలో సగటున అర మీటరు మందాన పీట్ కాలిపోయిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2015లో మళ్లీ మంటలు చెలరేగి, పాలంగ్‌కరాయ నగరం వారాల తరబడి పొగలో మునిగింది. పీట్ పేరుకొనేది ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ లెక్కన కొన్ని వారాలలో కాలిన అర మీటరు తిరిగి ఏర్పడడానికి కనీసం రెండు మూడు శతాబ్దాలు కావాలి.

2004లో సబాంగౌను జాతీయ వనంగా ప్రకటించారు. అయితే ప్రకటన మాత్రాన నేల తడవదు. అందుకే పరిశోధకులు, స్థానిక గ్రామస్థులు కలసి కాలువలకు అడ్డుకట్టలు వేస్తున్నారు. ఆ కట్టలు నీటి ప్రవాహాన్ని పూర్తిగా ఆపలేవు. కానీ వేసవిలో నీటిమట్టం మరీ దిగజారకుండా నిలుపుతాయి. మంటలను గుర్తించే దళాలు కూడా గ్రామాల నుండే ఏర్పడ్డాయి.

2016లో బోర్నియో ఒరాంగుటాన్‌ను అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. తల్లి ఒరాంగుటాన్ ఒక బిడ్డకు, మరొక బిడ్డకు నడుమ ఏడెనిమిదేళ్ల ఎడం పాటిస్తుంది. పోయిన ప్రాణాలను ఆ జాతి త్వరగా భర్తీ చేసుకోలేదు. కాలిన నేలను ఆ అడవీ త్వరగా నింపుకోలేదు. కాబట్టి అక్కడ రక్షణ అంటే ముందుగా నీటిని నిలపడమే. నీరు నిలిస్తే నేల నిలుస్తుంది. నేల నిలిస్తే చెట్టు, చెట్టు నిలిస్తే దానిపై గూడు నిలుస్తాయి.