ఆ మూడు బాణాలకు భయపడొద్దు!

ఇంజినీరింగ్ ఫస్టియర్. మొదటి పైథాన్ ల్యాబ్. సార్ బోర్డు మీద నాలుగు లైన్లు రాసి, ‘ఐడిల్ ఓపెన్ చేసి రన్ చేయండి’ అనేసి పక్క వరసలోకి వెళ్లిపోతారు. ఓపెన్ చేస్తే తెల్లటి కిటికీ ఒకటి. పైన ఫైల్, ఎడిట్, షెల్, డీబగ్, ఆప్షన్స్, విండో, హెల్ప్ అని ఏడు మాటలు. కింద మూడు బాణాల గుర్తు >>>, దాని పక్కన టపటపా కొట్టుకునే కర్సర్. అంతే! ఇక్కడే చాలామందికి చేతులు ఆగిపోతాయి. పక్కవాడు చకచకా టైప్ చేస్తుంటాడు. వాడేమో చిన్నప్పట్నుంచీ ఇంట్లో ల్యాప్‌టాప్ చూసినోడు. మనమేమో టెన్త్ దాకా తెలుగు మీడియం, చేతిలో ఉన్నది ఫోన్ ఒక్కటే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న పల్లెల నుంచి ఏటా ఎంతోమంది ఇలాగే ల్యాబుల్లోకి అడుగుపెడతారు. ఎదురుగా బెంగళూరు. బస్సెక్కితే పూటలో చేరిపోయే దూరం. అక్కడ ఉద్యోగం కావాలంటే కోడింగ్ రావాలి. కోడింగ్ రాదేమో అనే భయం చాలాసార్లు లాజిక్ దగ్గర కాదు, మెనూ దగ్గరే మొదలవుతుంది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తెలియక, అడిగితే నవ్వుతారేమోనని ఊరుకుని, ‘ఇది మనకు పడదులే’ అని తేల్చేసుకుంటారు. ఆ తేల్చుకోవడం మొదటి నెల్లోనే అయిపోతుంది. నా దృష్టిలో అసలు నష్టం అదే.

కంప్యూటర్ ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. మీలో చాలామంది పుట్టకముందే, 2002లో, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఏంటంటే, పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, దాన్ని నడిపే సోలార్ ప్యానెల్ ఇచ్చారు. వాళ్లు ఊళ్లో ఫొటోలు తీసి, అక్కడికక్కడే ప్రింట్ చేసి ఇచ్చి డబ్బులు సంపాదించుకున్నారు. మెనూలు, బటన్లు వాళ్లకూ కొత్తవే కదా!

సరే, ఐడిల్ సంగతికొద్దాం. పైథాన్‌ను నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేశాడు. 1998 చివర్లో ఆయనే నేర్చుకునేవాళ్ల కోసం ఈ చిన్న ఎడిటర్ కూడా తయారుచేశాడు. పైథాన్ అనే పేరు పాముది కాదు, ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ కామెడీ బృందానిది. ఆ బృందంలోని నటుడు ఎరిక్ ఐడిల్‌ను గుర్తుచేసేలా ఈ ఎడిటర్‌కు ఐడిల్ అని పెట్టారు. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే మామూలుగా దీంతోపాటే వచ్చేస్తుంది. ఉబుంటు ఉన్న ల్యాబుల్లో మాత్రం విడిగా ఎక్కించుకోవాలి.

నాకైతే దీన్ని పుంగనూరు ఆవుతో పోల్చాలనిపిస్తుంది. పొట్టిది, ఇంటి ముందు ఇంత చోటుంటే చాలు, మేత తక్కువ. పాత సిస్టమ్‌లో కూడా హాయిగా నడుస్తుంది. పెద్ద కంపెనీల్లో వాడే వీఎస్ కోడ్ లాంటివి ఒంగోలు గిత్తలు. వాటి మీదికి తర్వాత ఎలాగూ వెళ్తారు, తొందరేం లేదు.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటే: ఐడిల్‌లో కిటికీలు రెండు రకాలు. మూడు బాణాలు కనిపించేది షెల్. అది టీకొట్టు దగ్గర మాటల్లాంటిది. మీరు ఒకటి అంటారు, అది వెంటనే జవాబిస్తుంది, సిస్టమ్ ఆపేస్తే ఏదీ మిగలదు. రెండోది ఎడిటర్. ఫైల్ మెనూలో ‘న్యూ ఫైల్’ నొక్కినా, కంట్రోల్ పట్టుకుని ఎన్ కొట్టినా ఖాళీ కిటికీ వస్తుంది. అందులో బాణాలుండవు. అది నోటు పుస్తకం. రాసుకుని, దాచుకుని, ఎన్నిసార్లయినా నడిపించుకోవచ్చు. పేర్ల వరస చూసినా తేడా తెలిసిపోతుంది. షెల్ కిటికీలో ‘షెల్’, ‘డీబగ్’ అనే మెనూలుంటాయి, ఎడిటర్‌లో వాటి బదులు ‘ఫార్మాట్’, ‘రన్’ ఉంటాయి. ‘సార్, నాకు రన్ మెనూనే లేదు’ అనేవాళ్లందరూ షెల్‌లో కూర్చుని ఎడిటర్ మెనూ వెతుకుతున్నవాళ్లే!

షెల్‌తో కాసేపు ఆడుకుందాం. లెక్క మన మదనపల్లె టమోటా మండీదే. 2023 జులైలో కిలో వంద దాటి, దేశమంతా ఈ ఊరి పేరు మార్మోగింది గుర్తుందా? ఇంకో సీజన్‌లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. నాన్న మండీకి నలభై బాక్సులు తోలాడనుకుందాం. ఇలా టైప్ చేయండి, ప్రతి లైన్ తర్వాత ఎంటర్:

>>> బాక్సులు = 40
>>> బరువు = 25
>>> ధర = 12
>>> బాక్సులు * బరువు * ధర
12000

అవును, తెలుగులోనే! పైథాన్ 3లో పేర్లను తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చు. చాలామందికి ఈ విషయం ఎవరూ చెప్పరు. ల్యాబ్ రికార్డులో, ఉద్యోగంలో ఇంగ్లిష్ పేర్లే పెడతారు, అది వేరే సంగతి. కానీ మొదటిసారి లెక్క మన మాటల్లో కనిపిస్తే బుర్రకు బరువు తగ్గుతుంది. ఇప్పుడు కమీషన్, బాడుగ తీసేద్దాం. ఇక్కడి అంకెలు ఉదాహరణకే, మీ మండీ లెక్క మీరు వేసుకోండి:

>>> మొత్తం = బాక్సులు * బరువు * ధర
>>> మొత్తం - మొత్తం * 5 / 100 - 1500
9900.0

ధర 12 నుంచి 9కి పడితే? ‘ధర = 9’ అని కొట్టి ఊరుకుంటే సరిపోదు. ‘మొత్తం’లో పాత లెక్కే కూర్చుని ఉంటుంది. ఆ లైన్ మళ్లీ నడపాలి. అయితే మళ్లీ టైప్ చేయక్కర్లేదు. పై బాణం కీ నొక్కి చూస్తారేమో, ఐడిల్‌లో అది కర్సర్‌ను పైకి తీసుకెళ్తుందంతే. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని పి నొక్కండి, పాత లైన్లు ఒక్కొక్కటీ తిరిగొస్తాయి. ఎన్ నొక్కితే ముందుకు. లేదంటే పాత లైన్ మీద క్లిక్ చేసి ఎంటర్ కొట్టినా అది కిందికి దిగుతుంది. ‘షెల్’ మెనూ తెరిస్తే ఇవన్నీ పక్కన షార్ట్‌కట్‌లతో సహా రాసే ఉంటాయి. రోజుకో మెనూ తెరిచి ఊరికే చదవండి. చదివితే ఏమీ పాడవదు.

తెలుగు పేర్లతో ఒక చిక్కుంది. పేరులో ఖాళీ ఉండకూడదు. ఫోన్‌లో టైప్ చేసి పంపుకున్న తెలుగులో పొల్లు అక్షరం తర్వాత ఒక్కోసారి కంటికి కనిపించని ఒక గుర్తు దూరిపోతుంది. ‘మార్కెట్‌లో’ లాంటి మాటల్లో ‘ట్’, ‘లో’ కలిసిపోకుండా ఆపేది అదే. దాన్ని పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. అలాగే వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో ఉన్న కోడ్ కాపీ చేస్తే వంకర కోట్ గుర్తులు వస్తాయి, వాటితోనూ తంటానే. నిటారుగా ఉండే కోట్ గుర్తులే కావాలి.

ఇప్పుడు ఇదే లెక్కను ఎడిటర్‌లో రాసి, ఫైల్‌గా సేవ్ చేసి, ఎఫ్5 నొక్కండి. రన్ మెనూలో ‘రన్ మాడ్యూల్’ అన్నా అదే. ముందు సేవ్ చేయాలని అడిగితే ఓకే అనండి. ఏమీ కనిపించలేదా? నిజమే, కనిపించదు. షెల్‌లో అయితే పేరు కొట్టగానే విలువ చూపిస్తుంది. ఫైల్‌లో మాత్రం చూపించమని చెప్పాలి. అందుకే ప్రింట్. ఆ మాట ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో సరిగ్గా రాస్తే ఊదా రంగులోకి మారుతుంది. మారలేదంటే స్పెల్లింగ్ తప్పు. ఐడిల్ రంగులు ఉత్త అలంకారం కాదు. ఇఫ్, ఫర్ లాంటివి నారింజ, కోట్స్ మధ్య రాసింది ఆకుపచ్చ, కామెంట్లు ఎరుపు. కోట్ మూయడం మర్చిపోతే లైన్ చివరిదాకా పచ్చగా మారిపోతుంది. రన్ చేయకుండానే తప్పు దొరికిపోతుందన్నమాట.

ఎఫ్5 నొక్కగానే షెల్‌లో ‘రీస్టార్ట్’ అని ఓ గీత వస్తుంది చూడండి. చాలామంది దాన్ని పట్టించుకోరు. తర్వాత ‘ఇందాకే కదా ధర ఇచ్చాను, ఇప్పుడు నేమ్ ఎర్రర్ అంటుందేంటి?’ అని జుట్టు పీక్కుంటారు. ఆ గీతకు అర్థం ఏంటంటే, పలక తుడిచేశారు. అంతకుముందు షెల్‌లో మీరు చెప్పినవన్నీ పోయాయి. ఇప్పుడున్నవి ఫైల్‌లో రాసినవి మాత్రమే. ఈ ఒక్క ముక్క అర్థమైతే మొదటి నెల కష్టాల్లో సగం తీరినట్టే.

షెల్‌లో జరిగే ఇంకో పొరపాటు, పిప్ ఇన్‌స్టాల్ అంటూ కమాండ్ కొట్టడం. అది విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టాల్సింది. బాణాల దగ్గర కొడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. రెండూ టైప్ చేసే కిటికీలే గానీ, ఒకటి పైథాన్‌తో మాట్లాడేది, ఇంకోటి విండోస్‌తో మాట్లాడేది. అలాగే ఫైల్‌కు ‘టర్టిల్’ అనో ‘రాండమ్’ అనో పేరు పెట్టకండి. పైథాన్‌లో ఆ పేర్లతో అసలు మాడ్యూళ్లున్నాయి. మీరు వాటిని పిలిస్తే మీ ఫైలే పలుకుతుంది!

ఎర్ర అక్షరాల ఎర్రర్ వస్తే కింది నుంచి పైకి చదవండి. ఆఖరి లైన్‌లో తప్పేంటో ఉంటుంది, దాని పైన ఏ లైన్‌లోనో ఉంటుంది. ఆ లైన్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘గో టు ఫైల్/లైన్’ అంటే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. లైన్ నంబర్లు కనబడట్లేదా? ఎడిటర్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి ‘షో లైన్ నంబర్స్’ పెట్టుకోండి. అక్షరాలు చీమల్లా ఉంటే ‘కాన్ఫిగర్ ఐడిల్’లో ఫాంట్ సైజ్ 14 చేయండి. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకు ఇది ముఖ్యం. ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూనే ఉంటే సిస్టమ్ స్విచ్ ఆఫ్ చేయాల్సిన పన్లేదు. షెల్‌లో కంట్రోల్ పట్టుకుని సి నొక్కండి. అప్పటికీ వినకపోతే షెల్ మెనూలో ‘రీస్టార్ట్ షెల్’.

ఫార్మాట్ మెనూ గురించి ఎవరూ మాట్లాడరు గానీ, పైథాన్‌లో లైన్ ముందు ఖాళీలే ప్రాణం కాబట్టి అదే నాకు బాగా ఇష్టం. పది లైన్లు సెలెక్ట్ చేసి ‘ఇండెంట్ రీజియన్’ అంటే అన్నీ ఒకేసారి లోపలికి జరుగుతాయి. ‘కామెంట్ అవుట్ రీజియన్’ అంటే ఆ పది లైన్లూ నిద్రపోతాయి. ల్యాబ్ ఎగ్జామ్‌లో ప్రోగ్రాం సగం పనిచేసి సగం చేయనప్పుడు, చేయని సగాన్ని చెరిపేయకుండా ఇలా నిద్రపుచ్చి, పనిచేసేది చూపించొచ్చు.

1919లో రవీంద్రనాథ్ టాగోర్ తన ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి మార్చింది మదనపల్లెలోనే, బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో. అదే ఊళ్లో కూర్చుని తెలుగు కోసం షెల్‌ను ఒక ప్రశ్న అడిగి చూడండి. పొడవు చెప్పే ‘లెన్’ అనే ఫంక్షన్‌కు కోట్స్ మధ్య ‘కుప్పం’ అని ఇస్తే ఎంత వస్తుంది? మన కంటికి రెండక్షరాలు. షెల్ మాత్రం 6 అంటుంది! క, ఉకారం, ప, పొల్లు, మళ్లీ ప, సున్నా... అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. పుంగనూరుకు 8, మదనపల్లెకు కూడా 8. మీ ఊరి పేరు, మీ పేరు ఇచ్చి చూడండి. తెలుగు యాప్‌లలో అక్షరాలు సగం తెగి కనిపించడానికి ఓ కారణం ఇక్కడే దొరుకుతుంది.

ఇంట్లో సిస్టమ్ లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 యాప్‌తో ఇవే లెక్కలు చేసుకోవచ్చు. మెనూలు వేరు, భాష ఒకటే. ల్యాబ్‌లో అడిగే వీలుంటే థాన్నీ అనే ఎడిటర్ కూడా పెట్టించుకోండి. ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీలో కొత్తవాళ్ల కోసమే తయారైంది. ఏ పేరులో ఏ విలువ ఉందో పక్కనే పట్టికలా చూపిస్తుంది.

ఇక ల్యాబ్ అయిపోయాక ఐదు నిమిషాలు మిగిలితే, ఐడిల్‌లో హెల్ప్ మెనూ తెరిచి ‘టర్టిల్ డెమో’ నొక్కండి. ఓ చిన్న తాబేలు గీతలు గీస్తుంది. ఎగ్జాంపుల్స్‌లో ‘క్లాక్’ ఎంచుకుంటే నిజం టైమే చూపించే గడియారం, ‘ట్రీ’ ఎంచుకుంటే కొమ్మలేసే చెట్టు. పక్కనే దాని కోడ్ కూడా ఉంటుంది. అది చదివి, అమ్మ సంక్రాంతికి వాకిట్లో వేసే చుక్కల ముగ్గు ఒకటి ప్రయత్నించండి. చుక్కలు ఎన్ని వరసలో చెప్పేది ఒక లూప్, వరసలో ఎన్ని చుక్కలో చెప్పేది దాని లోపల ఇంకో లూప్.