క్లచ్ పెడలు కాలికి ఎందుకు ఎదురు తిరుగుతుంది?



బస్సు రాని మన ఊళ్ళకి పాత పికప్పే బస్సు. సంతకి పసుపు, అల్లం దిగేది దాంట్లోనే, జ్వరం వచ్చిన పిల్లని ఆసుపత్రికి దింపేదీ దాంట్లోనే. పాడేరు ఘాటీ మలుపుల్లో ఈసారి డ్రైవరు ఎడమ కాలు చూడండి, ఎన్నిసార్లు లేచి దిగుతుందో! ఆ కాలి కింద ఉండేదే క్లచ్ పెడలు. మా చిన్నాన్న అలాంటి బండే తోలుతాడు. సంత రోజు రాత్రి మోకాలికి నూనె రాసుకుంటాడు. నేనూ నేర్చుకుంటానంటే ఊళ్ళో ఒకాయన "ఆ పెడలు ఆడపిల్ల కాలికి లొంగదు" అన్నాడు. మరి మా చిన్నాన్న కాలికి మాత్రం లొంగిందా? కాలిది కాదు తప్పు, పెడలుది. అదెలాగో చెప్తాను.

మెస్సులో రెండు స్టీలు పళ్ళేలు వీపుకి వీపు ఆనించి, ఒకటి మీరు, ఒకటి మీ స్నేహితురాలు పట్టుకోండి. గట్టిగా అదిమి మీది తిప్పితే ఆమెదీ తిరుగుతుంది. కొంచెం ఎడం చేస్తే మీది ఒక్కటే తిరుగుతుంది. క్లచ్ పని ఇంతే. ఇంజను వైపు పళ్ళేన్ని ఫ్లైవీలు అంటారు, గేరుబాక్సు వైపు దాన్ని క్లచ్ ప్లేటు అంటారు. ప్రెషర్ ప్లేటు తన స్ప్రింగు బలంతో ఈ రెంటినీ అదిమి ఉంచుతుంది. 8వ తరగతిలో చదివిన ఘర్షణ ఇక్కడ పని చేస్తుంది. పెడలు తొక్కితే కేబులు ఒక ఫోర్కుని లాగుతుంది, ఫోర్కు రిలీజ్ బేరింగుని నెడుతుంది, ఆ బేరింగు వెళ్ళి ప్రెషర్ ప్లేటుని వదులు చేస్తుంది. అప్పుడు గేరు మార్చుకోవచ్చు.

పెడలు తొక్కగానే మొదట కొంచెం దూరం ఊరికే దిగాలి, బరువు ఉండకూడదు. దీన్ని ఫ్రీ ప్లే అంటారు. చాలా పాత బళ్ళకి ఇది 20 నుంచి 25 మి.మీ. దాకా ఉంటుంది, మన స్కేలు మీద సుమారు అంగుళం. మీ బండి పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించాలి.

చిత్రం ఏమిటంటే ప్లేటు అరిగేకొద్దీ ఈ ఫ్రీ ప్లే పెరగదు, తగ్గుతుంది! ప్రెషర్ ప్లేటు వేళ్ళు బేరింగు వైపు జరిగి వస్తాయి. అందుకే క్లచ్ పట్టే చోటు పైకి పోతుంది, డ్రైవరు మోకాలు ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంది. నొప్పి అక్కడిదే. ఫ్రీ ప్లే అసలు లేకపోతే కాలు తీసినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది. ప్లేటు జారుతుంది. ఇంజను అరుస్తుంది గాని బండి ఎక్కదు, కాలిన వాసన వస్తుంది. నిండా మనుషులతో ఘాటీలో అలా అయితే ఎంత భయమో!

సర్దడం పెద్ద పని కాదు, కానీ పెద్దవాళ్ళే చెయ్యాలి. బండి చదునులో ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి. పెడలు పక్కన స్కేలు నిలబెట్టి చేత్తో నొక్కితే ఊరికే దిగే దూరం ఎంతో తెలుస్తుంది. కేబులు చివర రెండు నట్లు ఉంటాయి. పానాతో లాక్ నట్ వదులు చేసి, రెండోది కొంచెం కొంచెం తిప్పాలి. కేబులు వదులైతే ఫ్రీ ప్లే పెరుగుతుంది, బిగిస్తే తగ్గుతుంది. లాక్ నట్ మళ్ళీ బిగించి, పెడలు పదిసార్లు తొక్కి, ఇంకోసారి కొలవాలి. మా చిన్నాన్న కొలవడు, కాలితోనే చూస్తాడు. నాకు మాత్రం స్కేలే నమ్మకం. మరీ వదులు చేస్తే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు వేస్తే కర్రుమంటుంది. నట్టు తిప్పడానికి మర ఇంక మిగల్లేదంటే ప్లేటు అయిపోయినట్టే, మార్చాలి.

పెడలు ఎత్తుగా లేదు గాని బరువుగా ఉందంటే నట్టు తిప్పి లాభం లేదు. కేబులు లోపల తీగలు తెగుతున్నాయేమో, పెడలు ఇరుసులో గ్రీజు ఎండిపోయిందేమో చూడాలి. కేబులు మధ్యలో తెగితే బండి అక్కడే ఆగిపోతుంది, కాబట్టి పోగులు లేచిన కేబులు ముందే మార్చడం మేలు.

కొన్ని బళ్ళకి కేబులు ఉండదు, ఆయిలు క్లచ్ ఉంటుంది. దాని పెడలు మెత్తగా దిగిపోతుంటే గొట్టంలో గాలి చేరి ఉండొచ్చు. డబ్బాలో ఆయిలు తగ్గితే నింపేసి ఊరుకోకూడదు, ఎక్కడ కారుతుందో వెతకాలి.

– 9వ తరగతి విద్యార్థిని