దిఙ్నాగుని త్రాసు

వాదమనగా ఎదుటివాని నోరు మూయించుట యని లోకము తలచును. 5-6 శతాబ్దముల నాటి బౌద్ధాచార్యుడు దిఙ్నాగుడు, చెప్పిన కారణము నిలుచునో నిలువదో తూచుటకు ఒక త్రాసును కట్టిపోయెను. ఆయన కంచి ప్రాంతమువాడని టిబెట్టు చరిత్రకారులందురు. వేంగి సమీపమున ఒక ఒంటికొండపై ఆయన హేతువిద్యాగ్రంథమును రచించెనని 7వ శతాబ్దపు చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ వ్రాసెను. కావున ఆ త్రాసు ఆంధ్రులకు పరాయిసొత్తు గాదు.

దిఙ్నాగుని మతమున ప్రమాణములు రెండే: ప్రత్యక్షము, అనుమానము. ఆప్తవాక్యమును ఆయన అనుమానమునందే చేర్చెను. చెప్పినవాడు నమ్మదగునా యన్నదియు విచారింపవలసినదే గదా! ఇక హేతువునకు మూడు లక్షణము లుండవలెను. కొండపై పొగ కనబడెను గనుక అచట నిప్పు కలదందుము. ఆ పొగ కొండపై నున్నది; నిప్పుగల వంటయింటను ఉన్నది; నిప్పులేని చెఱువున లేదు. మూడును కుదిరినపుడే అది సద్ధేతువు.

సపక్షమున హేతువు అంతట నుండవచ్చును, కొంత యుండవచ్చును, బొత్తిగా లేకపోవచ్చును. విపక్షమునను అట్లే. ఇవి కలియగా 9 విధములు. ఇదియే హేతుచక్రము. ఇందు 2 మాత్రమే సద్ధేతువులు. మఱి 2 విరుద్ధములు. తలచినదానికి ఎదురును సాధించును. తక్కిన 5 అనైకాంతికములు. అవుననిగాని కాదనిగాని తేల్పజాలవు.

ఇది పూర్వపు విహారములకే చెందిన విద్య గాదు. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున (హైటెక్ సిటీ చెంతనున్నది గాదు) శాతవాహనుల నాటి బౌద్ధావశేషములు బయల్పడినవి. అదే జిల్లాలోని తెల్లాపూరున నేడు అంతస్తులపై అంతస్తులు లేచుచున్నవి. అచట వేసవిలో ఒకరు, “మా బోరు ఎండినది, ప్రక్కవారు లోతుగా బోరు వేయుటయే కారణము” అని నింద మోపిరనుకొందము. లోతైన బోర్ల ప్రక్కన ఎండిన బోర్లను నాలుగింటిని చూపుట సులభము. అది సపక్షము. దిఙ్నాగుడు అంతటితో విడువడు. దాపున లోతుబోరు లేనిచోట్ల బోర్లు ఎండలేదా యని అడుగును. అచటను ఎండినచో ఆ హేతువు అనైకాంతికము. అంతమాత్రమున ప్రక్కవారు నిర్దోషులని తేలలేదు. వారి దోషము రుజువు కాలేదు, అంతే.

ఈ “అంతే” యనుచోట ఆగగలుగుటయే విమర్శబుద్ధి. మనకు అనుకూలమగు సాక్ష్యములను మనసు తానే ఏరుకొనును. ప్రతికూలమగు దానిని పనిగట్టుకొని వెదకవలెను. 9 విధములలో 5 సందిగ్ధములని లెక్కకట్టిన ఆచార్యుడు, పొరుగువానిపై నేరము మోపుటకు ముందు ఒక్కమారు చెఱువువైపు కూడ చూచిరమ్మని నేటికిని మనలను హెచ్చరించుచున్నాడు.